దుడ్డె కాళ్ల కింది బిందె

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. చిన్నాచితకా కోతలు కావు. మా ఇంట్లో నేను "తల పగిలిపోతోంది" అంటే మా ఆవిడ తాపీగా టీ పెట్టి ఇస్తుంది. "కొంచెం తలనొప్పిగా ఉంది" అంటే మాత్రం కంగారుపడి దవాఖానకు బయలుదేరుతుంది. నేను కొంచెం అన్నానంటే అక్కడ నిజంగానే ఏదో ఉందన్నమాట.

అయితే సైకిలు ట్యూబులో గాలి కొట్టడం వేరు, లేని సైకిలును ఉందనడం వేరు. ఇందులో గాలి చాలానే కొట్టాను. లేని సైకిలు మాత్రం ఒక్కటే. అదెక్కడుందో చివర్లో నేనే చెబుతాను. మధ్యలో మీకే దొరికితే కాస్త ఊరుకోండి, పక్కవాళ్లకు చెప్పకండి.

నా పని కార్టూన్ బొమ్మలకు సంగీతం కట్టడం. సిద్దిపేటలో ఈ మాట ఎవరితో అన్నా వాళ్లు ముందు నా నెరిసిన మీసం చూస్తారు, తర్వాత నా పొట్ట చూస్తారు, ఆ తర్వాత ఎంతో జాలిగా, "గది సరే గని, పనేం జేస్తవ్?" అని అడుగుతారు.

పని అదేనండీ. సినిమా వాళ్లది సుఖం. హీరో నడిస్తే చెప్పులు చప్పుడవుతాయి, తలుపు వేస్తే కిర్రుమంటుంది, ఏదీ లేకపోతే పక్క వీధి కుక్కయినా మొరుగుతుంది. బొమ్మ అలా కాదు. పుట్టుకతోనే మూగది. తుమ్మినా, బావిలో పడినా, పచ్చిమిరపకాయ నమిలినా కిక్కురుమనదు. హైదరాబాదులో బొమ్మలు గీసేవాళ్లు గీసి, కదిలించి, ఆ మూగ లోకాన్ని నాకు పంపుతారు. నేను దిగితే తప్ప అక్కడ చీమైనా చిటుక్కుమనదు.

ఇందులో ఒక పద్ధతి ఉంది. బొమ్మ అడుగు వేస్తే అడుగుకో దెబ్బ పడాలి. పిల్లి వంగి నడిస్తే స్వరాలూ వంగి నడవాలి. అది మెట్ల మీంచి దొర్లితే స్వరాలూ దొర్లాలి. చివరి మెట్టు దగ్గర క్షణం ఆగి, చూసే పిల్లలంతా ఊపిరి బిగబట్టాక, అప్పుడు 'ఢాం'. ఆ క్షణం ఎంతన్నది కుర్చీలో కూర్చుంటే తెలియదు. అందుకని నేనే నడుస్తాను, నేనే దూకుతాను, నేనే దొర్లుతాను. నేను ఏనుగునై నడిచిన రోజు కింద దుకాణంలో గిన్నెల దొంతరలన్నీ కూలిపోయాయి. కోతి బొమ్మకు సంగీతం చేసినన్ని రోజులూ మా ఆవిడ నాకు అన్నం కిటికీలోంచే పెట్టింది.

కింద దుకాణం అన్నాను కదా, అది మా బాపుది, మా నాన్నది. స్టీలు, ఇత్తడి, రాగి సామాను. పెళ్లిళ్ల కాలంలో మా దుకాణం మిలమిలకు తట్టుకోలేక ఎదురు వరుస వాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంటారు. ఒక మూల పేర్లు చెక్కే మిషను ఉంది. గిన్నె కొన్నవాళ్లు, ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో దాని మీద చెక్కించుకోనిదే మా గడప దిగరు. ఆ మిషను సూది పొద్దున మొదలుపెడితే, అన్నం వేళ తప్ప దుకాణం మూసేదాకా 'కిర్ర్ర్' మంటూనే ఉంటుంది. నా సంగీతమంతా ఆ కిర్రు మీదే పుట్టి పెరిగింది.

పైన నేను దూకుతున్నప్పుడు కింద కొనుగోలుకు వచ్చినవాళ్లు ఉలిక్కిపడి కప్పు వైపు చూస్తారు. బాపు తల కూడా ఎత్తడు.

"మావోడు. పైన కంపిటర్ పని" అంటాడు.

"కంపిటర్ గింత చప్పుడు జేస్తదా తాతా?"

"పాతది బిడ్డా."

ఇక బిందె సంగతి. చాలా ఏళ్ల కింద, గల్లా దగ్గర కూర్చుని దుకాణం నేర్చుకోవాల్సిన వయసులో, ఒకనాడు నేను ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని బాపు దగ్గరికి వెళ్లాను. ఆయన నిచ్చెనెక్కి సజ్జ మీంచి ఇత్తడి బిందెను దింపుతున్నాడు. పాతకాలపు బిందె, దళసరి రేకు, కింద పడితే బండకే దెబ్బ తగులుతుందనిపించేంత బరువు. నేను నిచ్చెన కింద నిలబడి, "బాపూ, నేను దుకాణంల కూసోను. బొమ్మలకు సంగీతం జేస్త" అన్నాను.

బాపు చేతిలోంచి బిందె జారింది.

అది షాబాదు బండ మీద పడ్డ చప్పుడుకు బజారంతా నిలిచిపోయింది. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు. ఎదురుగా మిర్చీలు వేస్తున్నాయన చేతిలోని పిండి గాల్లోనే ఆగి, కాసేపు ఆలోచించుకుని, తర్వాత నూనెలో పడింది. బాపు నిచ్చెన దిగి, బిందెను ఎత్తి, దాని కడుపున పడ్డ అరచేయంత సొట్టను నిమిరి, ఒక మూలన పెట్టాడు.

సొట్ట సామాను దుకాణంలో ముందు వరుసకు రాదు. అది మెల్లగా మూల నుంచి మెట్ల కిందికి, మెట్ల కింది నుంచి పైన నా గదికి చేరింది. దాంట్లో వైర్లు వేసుకున్నాను. ఒకరోజు ఏమనిపించిందో, వైర్లన్నీ తీసి, మా ఆవిడ వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చి, బిందె మీద ఒక్కటిచ్చాను.

'టొంయ్ఞ్!'

ఆ చప్పుడు సూటిగా బయటికి రాదు. ముందు లోపలికి పోయి, సొట్ట దగ్గర కాలు జారి పడి, లేచి, బట్టలు దులుపుకుని, నవ్వుకుంటూ బయటికి వస్తుంది. నా ఒళ్లు ఝల్లుమంది. ఇంత మంచి నడకున్న చప్పుడును ఏ జంతువుకు ఇవ్వాలా అని అప్పటి నుంచీ చూస్తూ ఉన్నాను.

మొన్న వచ్చింది ఆ జంతువు. బర్రె దుడ్డె, అంటే గేదె దూడ. నాలుగు కాళ్లు నాలుగు ఊళ్లకు బయలుదేరినట్టుండే బక్క దుడ్డె. పొలం గట్ల మీద పడుతూ లేస్తూ, కనబడ్డ ప్రతిదాని మీదికీ ఎక్కాలని చూస్తుంది. దాన్ని చూడగానే నేను కుర్చీలోంచి లేచి కేకపెట్టాను. అంతవరకు నాకు దొరికినవి ముక్కలే. సబ్బు ప్రకటనలో నురగ బుడగ, పళ్లపొడి ప్రకటనలో పురుగు, ఏనుగూ కోతీ కూడా అలా ప్రకటనల్లో వచ్చిపోయినవే. బుడగ పగలగానే నా పని అయిపోయేది. ఒక జంతువును తలతోకలతో సహా నా చేతిలో పెట్టడం ఇదే మొదలు. నమూనాగా చూపడానికి బిందెను ఫోన్లోనే రికార్డు చేసి, అడుగుకో టొంయ్ఞ్ తగిలించి పంపించాను.

ఆ బొమ్మలు తీసే అమ్మాయి నుంచి ఫోనొచ్చింది. చిన్న వయసు, మాట తొందర.

"సార్, ఇక్కడ ఎవ్వరం పని చేయట్లేదు! అందరం ఆఫీసులో దుడ్డెలాగా నడుస్తున్నాం! మా మేనేజరు గారు మెట్లు దిగుతూ టొంయ్ఞ్ అంటున్నారు సార్!"

నేను పొంగిపోయి వాకిలి పట్టకుండా అయ్యాను.

"కానీ ఒక్క చిన్న విషయం సార్. దుడ్డె వెనకాలే ఒక దోమ ఎందుకు వస్తోంది?"

దోమ! విన్నాను. నిజమే, కింద పేర్లు చెక్కే మిషను. టొంయ్ఞ్, కిర్ర్ర్, టొంయ్ఞ్, కిర్ర్ర్.

"సోమవారం పొద్దున టీవీ వాళ్లు వచ్చి మొదటి భాగం చూస్తారు సార్. వాళ్లకు నచ్చితే దుడ్డె కథలన్నీ మీవే. ఈలోగా దోమ లేని చప్పుడు పంపండి. లేకపోతే మా పెద్దాయన డబ్బాలో రెడీగా ఉండే చప్పుళ్లు తెచ్చి పెట్టేస్తానంటున్నారు."

నా దుడ్డె కాళ్లకు డబ్బాలో నిలవున్న చప్పుళ్లా! శనివారం మధ్యాహ్నం, మిషను ఆగే అన్నం వేళ చూసుకుని పైకి పరిగెత్తాను. గది మూలన ప్లాస్టిక్ బకెట్. దాంట్లో నా వైర్లు, చక్కగా చుట్టి పెట్టి ఉన్నాయి. బిందె లేదు.

మెట్లు దిగానో, మెట్లే నన్ను దించాయో తెలియదు.

"బాపూ, నా బిందేది?"

"ఏ బిందెరా?"

"పైన వైర్లేసుకునేది."

"గదా! పొద్దుగాల రాయపోలోళ్లు కొంటవోయిన్రు. పెండ్లి సారెకు పాత దళసరి బిందెనే గావాలె అన్నరు. గిప్పుడు గసొంటియి ఏడ వస్తున్నయి?"

"గది నా బిందె బాపూ!"

"నీ బిందేందిరా? దుకాణం నాది, సజ్జ నాది, బిందె నాది. వైర్లు నీయి. నీ వైర్లు నీకు బకిట్ల వెట్టిన. ఇంకేం గావాలె?"

"దాని చప్పుడు గావాలె!"

బాపు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "చప్పుడా? గదే తూకంది, గదే సైజుది ఇంకోటి ఇస్త. కొండవోయి కొట్టుకో."

నేను తల పట్టుకుని, "అయిపాయె. నా దుడ్డె పోయింది" అంటూ గల్లా పక్కన కూలబడ్డాను. గరిటెలు ఏరుకుంటున్న ముసలామె చేతిలోవన్నీ కింద పెట్టేసి దగ్గరికొచ్చింది.

"అయ్యో కొడుకా, దుడ్డె తప్పిపోయిందా? ఏ దిక్కు వోయింది?"

"రాయపోల్ దిక్కు అవ్వా."

"ఫికరు జెయ్యకు. దాని తల్లిని ఇడువు. గదే ఎతుక్కుంట వోతది."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. వస్తూ వస్తూ పప్పుగుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. "కూసుంటే వస్తదా? పోయి కొట్టుకోని రాండ్రి" అంది.

రికార్డరు, మైకు, పప్పుగుత్తి సంచిలో వేసుకుని స్కూటరెక్కాను. ఆ రోజు నేను పోయిన వేగానికి నా నీడ గజ్వేల్ దారిలో తప్పిపోయి మర్నాటికి గాని ఇల్లు చేరలేదు.

రాయపోల్‌లో పెళ్లిల్లు వెతకక్కర్లేదు, చెవులుంటే చాలు. షామియానా కింద ఒక పక్క బ్యాండు వాళ్లు పాట సరిచూసుకుంటున్నారు, ఒక పక్క గ్రైండరు తిరుగుతోంది, వాకిట్లో ఆడవాళ్లు సారె సామాను వరుసగా పేర్చి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. మధ్యలో నా బిందె! దాని నిండా బూందీ లడ్డూలు. నేను ఆత్రంగా దాని మీదికి వంగాను. ఎవరో నా చొక్కా కాలరు పట్టుకున్నారు. పెళ్లికూతురి పెద్దమ్మ. ఆమె ఎంత మనిషంటే, షామియానాకు వేసిన గుంజల్లో ఆమెదే గట్టి గుంజ అనుకున్నాను.

"ఏం సేటూ, అమ్మిన బిందెను మల్ల ఎత్కపోనీకి వచ్చినవా?"

"లేదక్కా. కొట్టనీకి వచ్చిన."

"కొట్టనీకా!"

"ఒక్కటే దెబ్బక్కా. దాని చప్పుడు పట్టుకోని పోత."

"చప్పుడు నువ్వు వట్టుకోని పోతే మాకు బిందెల ఏం మిగుల్తది?"

వాకిలంతా నవ్వు. నేను దుడ్డె సంగతి చెప్పాను. చెబితే అర్థం కావట్లేదని నడిచి చూపించాను. పెళ్లికి వచ్చిన పిల్లలందరూ నా వెనకాల దుడ్డెలై నడవడం మొదలుపెట్టారు. ఆ గోలకు పెళ్లికూతురు రెండు చేతులకూ మైదాకుతో బయటికి వచ్చింది.

"పెద్దమ్మా, కొట్టనియ్యే. నా సారె బిందె టీవీల వస్తదట!"

ఆ మాటతో తీర్పు అయిపోయింది. లడ్డూలన్నీ తెల్లబట్ట మీదికి దొర్లాయి. బిందెను తుడిచి పీట మీద కూర్చోబెట్టారు. కానీ పెళ్లింట్లో నిశ్శబ్దం ఎక్కడిది? నేను మైకు పట్టుకుని బేలగా చూస్తుంటే పెద్దమ్మ వాకిలి మధ్యలో నిలబడి, "ఇగో, చప్పుడు జేసినోని ఇస్తరిల లడ్డు ఉండది!" అని అరిచింది. బ్యాండు ఆగింది. గ్రైండరు ఆగింది. ఏడుస్తున్న పసిపిల్ల కూడా ఏడుపును సగంలో మింగింది. పక్క పొలంలో మోటారు కూడా ఆగిందని నా నమ్మకం.

పప్పుగుత్తి ఎత్తాను. కొట్టాను.

'టింన్న్న్...'

ఎంత శుభ్రమైన చప్పుడనుకున్నారు! తల నున్నగా దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డ చప్పుడు. ఎక్కడా కాలు జారదు, ఎక్కడా పడదు. నా దుడ్డె కాదు ఇది. బిందె కడుపంతా తడిమాను. నున్నగా ఉంది. అద్దంలో లాగా నా ముఖం కనిపించింది, నా నోరు తెరుచుకుని ఉంది.

"సొట్ట! గీడ సొట్ట ఉండాలె గద!"

"సొట్టనా?" పెద్దమ్మ గర్వంగా అంది. "మీ బాపు దగ్గరుండి తీయించిండు. ఆడివిల్ల సారె సొట్టతోని వోతదా అన్నడు. గంత మంచిగ ఎవ్వలు జేసిస్తరు సేటూ? పెద్దమనిషి."

పెళ్లికూతురు నా ముఖం చూసింది. "మల్ల సొట్ట వెట్టుకుంటవా అన్నా?" అంది మెల్లగా. పెద్దమ్మ ఆమె వైపు ఒక చూపు చూసింది. పెళ్లికూతురు లోపలికి వెళ్లిపోయింది. నేనూ పప్పుగుత్తిని సంచిలోకి పంపించాను. ఒక ఆడపిల్ల సారె బిందెకు సొట్ట పెట్టి నా దుడ్డెను నడిపించుకునే గుండె నాకు లేదు. ఉన్నా, పెద్దమ్మ ఉండనిచ్చేది కాదు. బయలుదేరుతుంటే నా సంచిలో లడ్డూలు కుక్కి, "మీ బాపుకియ్యి" అంది.

ఆదివారం పొద్దున నుంచి మా ఇల్లు కంచరి కొలిమి అయింది. బాపు ఇచ్చిన కొత్త బిందె, 'టింన్న్'. దానికి సుత్తితో సొట్ట పెట్టాను, 'దబ్'. తడిబట్ట చుట్టాను, 'దుబ్'. కంప్యూటర్లో ఆ 'టింన్న్'ను పట్టుకుని మెలితిప్పాను, వంచాను, తలకిందులుగా వేలాడదీశాను. అది ఏడ్చింది కాని నవ్వలేదు. మా ఆవిడ వంట వదిలేసి వచ్చి విన్నది.

"సుత్తితోని కొడితే గట్లనే ఉంటది. ఇది తన్నులు తిన్న బిందె. గది పడ్డ బిందె. మీ దుడ్డె పడ్తదా, తన్నులు తింటదా?"

"పడ్తది."

"మరి మామయ్యనడుగుండ్రి, పడేస్తడు."

ఆమె అంత తేలిగ్గా అనేసింది గాని, మా దుకాణంలో గ్లాసు జారినా బాపు గల్లా మీంచి లేచి వచ్చి దాన్ని ఎత్తి కళ్లకద్దుకుంటాడు. చెంచా పడితే చెంచాకు కూడా అంతే. అలాంటి మనిషిని వెళ్లి అడిగాను. ఆయన లడ్డూ తింటున్నాడు.

"బాపూ, ఒక్క బిందె సజ్జ మీదికెళ్లి పడెయ్యవా?"

నమలడం ఆగిపోయింది. "ఏందిరా?"

"సొట్ట గావాలె. రేపు పొద్దుగాల్ల పంపాలె. లేకుంటే దుడ్డె పోతది."

"ఇన్నేండ్ల దుకాణంల ఒక్కనాడన్న సామాను కావాలని కిందేసిన్నారా నేను? లక్ష్మిరా అది! నీ సొట్ట కోసం లక్ష్మిని నేలకేసి కొట్టుమంటవా? పో, పైకివో."

పైకి పోయాను. బొమ్మలు తీసే అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "సార్, వస్తోంది కదా సార్? పెద్దాయన డబ్బా తెరిచి కూర్చున్నారు సార్" అంది. "వస్తోంది, దారిలో ఉంది" అన్నాను. తెర మీద నా దుడ్డె గట్టు ఎక్కుతూ, పడుతూ, మళ్లీ ఎక్కుతూ, చప్పుడు లేకుండా నన్ను చూస్తోంది.

అప్పుడు కింద 'ఢంగ్!' మంది.

ఇల్లు కదిలింది. దిగి చూద్దును కదా, బాపు నిచ్చెన మీద! మా ఆవిడ కింద నిచ్చెన పట్టుకుని ఉంది. బండ మీద ఒక బిందె ఇంకా గుండ్రంగా తిరుగుతోంది.

"బాపూ!"

"అరవకు. లడ్డు తింటుంటే యాదికొచ్చింది. గా పిల్లకు బిందె మంచిగ జేసిచ్చిన. మరి నా కొడుకు బిందె ఖరాబు జేసినట్టే గదరా! ఇగ కొట్టి సూడు, వచ్చిందా?"

కొట్టాను. అడుగు మీద పడింది, సొట్ట కడుపున కాదు. 'డుమ్'.

"రాలే బాపూ."

"ఇంకోటందియ్యి బిడ్డా" అన్నాడు మా ఆవిడతో.

ఇక చూడాలి! ఇంతకాలం చెంచాను కళ్లకద్దుకున్న మనిషికి పూనకం వచ్చింది. ఒకటి మూతి మీద పడింది, దాని మూతి వంకర పోయింది. ఒకటి దొర్లుకుంటూ బజార్లోకి పోయింది, టిఫిను డబ్బా కొనడానికి వచ్చినాయన వెంటబడి పట్టుకొచ్చాడు. జనం పోగయ్యారు. మిర్చీలాయన పొయ్యి ఆర్పేసి వచ్చాడు. సలహాలు వానలా కురిశాయి.

"తాతా, జర అడ్డంగ వట్టు!"

"గట్ల గాదు, తిప్పి ఇడువు, తిప్పి!"

"మీ మొఖం, తాత చెయ్యి వణుకుతుంది. నిమ్మలంగ ఉండనియ్యిండ్రి!"

"నా చెయ్యి వణుకుతలేదు, నీ కండ్లు వణుకుతున్నయి!" అన్నాడు బాపు పైనుంచి.

ప్రతి బిందెనూ నేను పప్పుగుత్తితో కొట్టడం, జనమంతా చెవులు రిక్కించడం, నేను తల అడ్డంగా ఊపడం, "ఆఁ" అని అందరూ నిట్టూర్చడం. పేర్లు చెక్కే మిషనును బాపు ఆపించేశాడు. అన్నం వేళ కాని వేళ ఆ కిర్రు లేని మా దుకాణాన్ని నేను పుట్టి బుద్ధెరిగాక విన్నది అదే మొదలు.

చివరికి సజ్జ మీద పాత రకం బిందె ఒక్కటే మిగిలింది. బాపు దాన్ని సజ్జ అంచుదాకా తెచ్చి, మళ్లీ గుండెకు ఆనించుకున్నాడు.

"కావాలని ఇడిస్తే సక్కగ పడ్తలేదురా" అన్నాడు. "చెయ్యి ముందే దానికి చెప్తుంది, ఇగ పడ్తున్నవ్, జాగ్రత్త అని. గిట్ల గాదు గని, ఆనాడు నువ్వు గీడ నిలవడి ఏమన్నవో, గది మల్ల అను."

జనమంతా నా వైపు తిరిగారు. మా ఆవిడ కూడా. నేను నిచ్చెన కింద నిలబడి, తల పైకెత్తి, అన్నాను.

"బాపూ, నేను దుకాణంల కూసోను. బొమ్మలకు సంగీతం జేస్త."

బిందె జారింది.

పప్పుగుత్తితో కొట్టాల్సిన పని కూడా లేదు, పడ్డప్పుడే తెలిసిపోయింది. అయినా కొట్టాను.

'టొంయ్ఞ్!'

కాలు జారింది, పడింది, లేచింది, దులుపుకుంది, నవ్వింది! నేను మైకు పట్టుకునే ఎగిరాను. మిర్చీలాయన టిఫిను డబ్బా ఆయన్ను ఎత్తుకున్నాడు. జనం వేసిన ఈలలకు మర్కూక్ దాకా పిట్టలు లేచిపోయాయని తర్వాత ఎవరో చెప్పారు. ఎవరో అంటే నేనే. బాపు నిచ్చెన దిగి, బిందెను ఎత్తి, అలవాటు ప్రకారం కళ్లకద్దుకున్నాడు. ఈసారి సొట్ట ఉన్న వైపు.

సోమవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. "దుడ్డె మీదే సార్! టీవీ వాళ్లు కూడా నడుస్తున్నారు సార్!" అని అరిచింది ఆ అమ్మాయి. నేను ఎంత గట్టిగా కేకపెట్టానంటే, కింద గిన్నెల దొంతరలు మళ్లీ కూలాయి. "కంపిటర్ పాడయిందా తాతా?" అని ఎవరో అడిగారు. బాపు గొంతు మెట్ల మీదుగా పైకి వినిపించింది.

"కంపిటర్ గాదు. మావోడు బొమ్మలకు సంగీతం జేస్తడు."

దుడ్డె ఇప్పుడు టీవీలో వస్తోంది. వచ్చే వేళకు బాపు గల్లా వదిలేసి ముందు కూర్చుంటాడు. "గా కాళ్ల కింద ఉన్నది మా బిందెనే" అని కొన్నవాళ్లకూ కొననివాళ్లకూ చెబుతాడు. మిగతా సొట్ట బిందెలన్నీ బాగుచేయించి అమ్మేశాడు. ఆ ఒక్కదాన్ని మాత్రం అడిగినా ఇవ్వడు. ఒకనాడు నాకు చెప్పకుండా దాన్ని మిషను దగ్గరికి తీసుకుపోయి చెక్కించాడు. ఇచ్చినవారు, తాత. పుచ్చుకున్నవారు, దుడ్డె. ఊరి పేరు కూడా వేయిస్తానంటే, అక్షరానికి ఇంత చొప్పున శ్రుతి దిగిపోతుందని కాళ్లా వేళ్లా పడి ఆపించాను.

ఇక లేని సైకిలు సంగతి. పెద్దమ్మ ఉంది, లడ్డూలు ఉన్నాయి, నిచ్చెన ఉంది, మిర్చీలాయన పొయ్యి ఆర్పిన మాట కూడా నిజం. లేనిది, చాలా ఏళ్ల కింద నేను నిచ్చెన కింద నిలబడి బాపుతో ఆ మాట అన్నాననడం. అనలేదు. ధైర్యం కూడగట్టుకున్నాను కాని అది ఎప్పుడూ సరిపోలేదు. 'పైన కంప్యూటర్ పని' అని ఆయనకు చెప్పిందీ నేనే. ఆయన కూడా అదేం పనో తిరిగి అడగలేదు, మిగతా వాళ్లకు అదే మాట చెబుతూ వచ్చాడు. కాబట్టి ఆ ఆదివారం నిచ్చెన మీంచి ఆయన 'ఆనాడన్న మాట మల్ల అను' అని అననే లేదు. "చెయ్యి ఇడుస్తలేదురా. ఇన్నేండ్లాయె, పైన ఏం జేస్తున్నవో ఒక్కసారన్న నీ నోటితోని చెప్పు, ఇని ఇడుస్త" అన్నాడు. నేను ఆ మాట అనడం అదే మొదలు. బిందె చేతిలోంచి జారిన తీరు మాత్రం, చెప్పినట్టే జారింది.

మరి మొదటి బిందెను పడేసిందెవరంటారా? పిల్లి. గోడ దూకి సజ్జ మీదికి వచ్చింది. కానీ ఆ పిల్లి, నమ్మండి, పులంత ఉండేది.